మన నీలం ఏది? నాలుగు వెబ్‌సైట్లు, ఒకే సీఎస్ఎస్ థీమ్

గాజువాకలో జూనియర్ కాలేజీ, మద్దిలపాలెంలో డిగ్రీ కాలేజీ, ఎంవీపీ కాలనీలో పాఠశాల, సీతమ్మధారలో అమ్మాయిల వసతిగృహం. నాలుగూ ఒకే విద్యాసంస్థవి. నాలుగింటికీ నాలుగు వెబ్‌సైట్లు ఉన్నాయి, వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు చేతుల మీదుగా తయారైనవి. ఒక రోజు ఆ సంస్థ కరస్పాండెంట్ గారి గదిలో నాలుగింటినీ ఒకే తెర మీద పక్కపక్కన తెరిచి చూపించాను. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసును పోలిన లోగో అన్నింటిలోనూ ఉంది. దాని వెనక నీలం మాత్రం నాలుగు రకాలు. ఒకటి నలుపుకు దగ్గర, ఒకటి ఆకాశం రంగు, ఒకటి ఊదాలోకి జారింది, నాలుగోది ఎవరు చూసినా ఆకుపచ్చే అంటారు. ఆయన కాసేపు చూసి, "ఇందులో మన నీలం ఏదండీ?" అని అడిగారు. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

విశాఖలో ఇలాంటి సంస్థలు ఎన్నో. రెండు శాఖలున్న ఆసుపత్రి, మూడు కూడళ్లలో కొట్లున్న మిఠాయి వ్యాపారి, రుషికొండలో కార్యాలయం తెరిచిన చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. అందరూ అడిగేది ఒకటే: అన్నీ ఒకే ఇంటివని తెలియాలి, కానీ ఎవరిది వారిదిలా ఉండాలి. రెండు కోరికలూ న్యాయమైనవే. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాష సీఎస్ఎస్. ఆ రెండు కోరికలనూ కలిపి తీర్చడానికి, అన్ని సైట్లూ వాడుకునేలా ఆ భాషలో రాసే నియమాల కట్టే ఉమ్మడి సీఎస్ఎస్ థీమ్. పైకి ఇది రంగుల వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి వెళితే, ఎవరి మాట ఎక్కడ చెల్లాలన్నదే అసలు విషయం. ఆ సంగతి ముందే తేల్చుకోని థీమ్ ఎంత అందంగా ఉన్నా నిలవదని నా అనుభవం.

కాపీ చేస్తే ఉమ్మడి కాదు

మేం మొదట చేసింది అందరూ చేసేదే. లెటర్‌హెడ్ మీది నీలానికి దగ్గరగా ఒక నీలం ఖాయం చేశాం, ఒక ఫైలు రాశాం, దాన్ని నాలుగు సైట్లలో నాలుగు కాపీలుగా పెట్టాం. ఆ వారం నాలుగూ అక్కచెల్లెళ్లలా కనిపించాయి. తరవాత ప్రవేశాల కాలం వచ్చింది. జూనియర్ కాలేజీ వారు దరఖాస్తు బటన్ పెద్దగా కావాలని తమ కాపీలో మార్చుకున్నారు. పాఠశాల వారు శీర్షికల ఫాంటు మార్చుకున్నారు. వసతిగృహం వారికి పచ్చరంగు మీద మమకారం పోలేదు. దసరా సెలవులు వచ్చేసరికి నాలుగు ఫైళ్లూ నాలుగు దారులు పట్టాయి.

ఉమ్మడి బావి అంటే ఊరంతా వచ్చి తోడుకునే బావి. నాలుగిళ్లలో నాలుగు కుండలు నింపి పెట్టుకుంటే, మొదటి రోజు నీళ్లు ఒకే బావివే కావచ్చు, మూడో రోజుకు ఏ కుండ రుచి ఆ కుండదే.

డిగ్రీ కాలేజీ సైటుది ఇంకాస్త పాత గాయం. దాన్ని బూట్‌స్ట్రాప్ మీద కట్టారు. అప్పట్లో ట్విట్టర్‌లో పనిచేస్తున్న మార్క్ ఆటో, జేకబ్ థార్న్‌టన్ 2011లో అందరికీ విడుదల చేసిన, సిద్ధంగా దొరికే సీఎస్ఎస్ చట్రం అది. మార్చుకోవడానికి దానిలో చక్కటి ఏర్పాట్లున్నాయి. అయినా ఎవరో నేరుగా ఆ చట్రం ఫైలులోకే వెళ్లి రంగులు దిద్దారు. ఇక కొత్త కూర్పు వచ్చినప్పుడు తెచ్చుకుంటే దిద్దుబాట్లు పోతాయి, తెచ్చుకోకపోతే పాత లోపాలు అలాగే ఉంటాయి. బయటి నుంచి తెచ్చుకున్న ఫైలును ముట్టుకోకూడదన్న ఒక్క నియమం పాటించి ఉంటే మాకు చాలా శ్రమ తప్పేది.

ఎవరి మాట చెల్లుతుంది?

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో ముందు బొమ్మ ఆకారం తీసి, తరవాత దానికి లక్క రంగు పట్టిస్తారు. ఎర్ర లక్క బదులు పసుపు లక్క పడితే బొమ్మ మారిపోదు. వెబ్ పేజీ నిర్మాణాన్ని రాసే హెచ్‌టీఎంఎల్ ఆ కర్ర, సీఎస్ఎస్ ఆ లక్క. కాకపోతే ఇక్కడ ఒకే కర్రకు ఒకేసారి అనేకమంది లక్క పూస్తారు. బ్రౌజర్‌కు దాని సొంత పూత ఉంటుంది, చదివేవారికి తమ ఇష్టాలుంటాయి, పేజీ రాసినవారికి తమ నిర్ణయాలుంటాయి.

1994 అక్టోబరులో యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఉన్న హోకన్ వియుమ్ లీ ఈ పద్ధతిని మొదటిసారి ప్రతిపాదించినప్పుడు ఆయనను వేధించిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఆ తొలి ప్రతిపాదనలో ప్రతి కోరిక పక్కనా దాని బలం ఎంతో శాతంలో రాసే వీలుండేది. తరవాత బెర్ట్ బోస్ ఆయనతో కలిశారు. 1996 డిసెంబరులో సీఎస్ఎస్ తొలి ప్రమాణం వెలువడే నాటికి ఆ శాతాలు పోయాయి గానీ, పేరులో ఉన్న క్యాస్కేడ్ అనే మాట నిలిచింది. మెట్లు మెట్లుగా దిగే జలపాతం అని దాని అర్థం. ఒకే బటన్ రంగు గురించి నలుగురు నాలుగు మాటలు చెబితే, ఆ మెట్లు దిగుతూ చివరికి ఎవరి మాట మిగులుతుందో తేల్చే పద్ధతి అది.

ఆ మెట్లలో మన బృందాల మధ్య ఎక్కువ తగాదాలు తెచ్చేది సెలెక్టర్ బలం. ఒక నియమం పేజీలో దేనికి వర్తించాలో చెప్పే భాగమే సెలెక్టర్. బటన్, శీర్షిక వంటి మూలకం పేరుకు తక్కువ బలం, ఒక గుంపుకు మనం పెట్టే పేరైన క్లాసుకు అంతకంటే ఎక్కువ, ఒక్కదానికే పెట్టే పేరైన ఐడీకి ఇంకా ఎక్కువ. ఇవి ఒకదానితో ఒకటి కూడవు. వంద క్లాసులు వరసగా రాసినా ఒక్క ఐడీ ముందు నిలవవు. బలం సమానమైతే తరవాత రాసినదే గెలుస్తుంది. వసతిగృహం సైటు పని చూసుకునే అబ్బాయికి పచ్చ బటన్ కావాలి. థీమ్‌లో బటన్ నియమం మూడు క్లాసుల బలంతో ఉంది. అతను నాలుగు క్లాసులు రాశాడు, గెలిచాడు. తరవాతి నెల థీమ్‌లో ఐదు చేశాం, మేం గెలిచాం. అప్పుడతను '!ఇంపార్టెంట్' అనే ముద్ర వేశాడు. ఆ ముద్ర పడితే మామూలు నియమాలేవీ దాని ముందు చెల్లవు. దాన్ని దాటాలంటే మేమూ అదే ముద్ర వేయాలి. ఇందులో ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతనికి కావలసిన మార్పుకు మేం తలుపు పెట్టలేదు. తలుపు లేని ఇంట్లో మనిషి గోడ పగలగొట్టుకునే బయటికి వస్తాడు.

ఈ పోటీని మొదలంటా ఆపే సాధనం 2022 తొలి నెలల్లో ప్రధాన బ్రౌజర్లన్నింటికీ వచ్చింది. దాని పేరు లేయర్, పొర అనుకుందాం. ఫైలు మొదట్లోనే పొరల వరస ప్రకటిస్తాం: పునాది, థీమ్, సైటు. ఆ తరవాత సైటు పొరలో ఒక్క క్లాసుతో రాసిన నియమం కూడా థీమ్ పొరలో ఐదు క్లాసులతో రాసినదాన్ని దాటేస్తుంది. పొరల వరస తేలాకే సెలెక్టర్ బలం లెక్కలోకి వస్తుంది. గుర్తుంచుకోవలసినవి రెండే. ఏ పొరలోనూ పెట్టని నియమం అన్ని పొరలనూ దాటుతుంది, కాబట్టి పాత సైటులోని విడి నియమాలు ఊహించనిచోట గెలుస్తాయి. '!ఇంపార్టెంట్' ముద్ర పడితే పొరల వరస తలకిందులవుతుంది, అంటే పునాది పొరలో ఆ ముద్రతో ఉన్న నియమం సైటు పొరను కూడా ఓడిస్తుంది. రెండోది మొదట నాకు చిక్కుముడిలా అనిపించింది. ఆలోచిస్తే న్యాయమే. ఎవరూ మార్చకూడనిదాన్ని పునాదిలో ఉన్నవారు కాపాడుకోవడానికే ఆ ఏర్పాటు. కీబోర్డుతో తిరిగేవారికి తాము ఏ బటన్ మీద ఉన్నారో చూపే గీతను మేం అక్కడే, ఆ ముద్రతోనే పెట్టాం. అందం కోసం దాన్ని ఎవరూ తీసేయలేరు.

పేర్లలోనే ఉంది అంతా

పొరలు గొడవను ఆపుతాయి. తలుపులు పెట్టేవి మాత్రం వేరియబుళ్లు. రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఒక పేరు పెట్టి, దానికి విలువ ఇచ్చి, ఎక్కడ కావాలంటే అక్కడ 'వర్' అనే మాటతో పిలుచుకుంటాం. 2016 నాటికి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ఇవి పనిచేస్తున్నాయి. సీఎస్ఎస్ ఫైళ్లు తయారుచేసే సాస్ వంటి పాత సాధనాల్లోనూ వేరియబుళ్లుండేవి గానీ, అవి ఫైలు తయారయ్యేటప్పుడే కరిగిపోతాయి. ఇవి బ్రౌజర్‌లో బతికే ఉంటాయి. పేజీలో ఒక భాగానికి మాత్రం విలువ మారిస్తే ఆ భాగం మాత్రమే మారుతుంది.

ఇంకో సంగతి, ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. '--ప్రధాన-రంగు' అన్నది సీఎస్ఎస్‌లో పూర్తిగా చెల్లుబాటయ్యే పేరు. మా బృందంలో అందరికీ తెలుగు కీబోర్డు అలవాటు లేదు కాబట్టి చివరికి అలా పెట్టలేదు, కానీ పేర్ల గురించి చర్చ మాత్రం తెలుగులోనే సాగింది. దానివల్ల మేలే జరిగింది. ఇంగ్లిషులో అయితే 'బ్లూ' అని రాసేసి ముందుకు వెళ్లేవాళ్లం. తెలుగులో మాట్లాడుకుంటే "ఇది నీలమా, లేక మనం చెయ్యమని చెప్పే పనికి వాడే రంగా?" అన్న ప్రశ్న వచ్చింది.

ఆ ప్రశ్నే కీలకం. 'నీలం' అని పేరు పెట్టి రెండు వందల చోట్ల వాడాక, వసతిగృహానికి అది ఆకుపచ్చ కావాలంటే 'నీలం' అనే పేరులో ఆకుపచ్చను దాచాలి. అందుకే పేర్లు రెండు అంతస్తులుగా ఉండాలి. కింది అంతస్తులో రంగుల పెట్టె: ముదురు నీలం, లేత నీలం, ఆకుపచ్చ, బూడిద. పై అంతస్తులో పనులు: చర్య రంగు, హెచ్చరిక రంగు, రాత రంగు, నేపథ్యం, అంచు. బటన్లు, లింకులు, పెట్టెలు పై అంతస్తు పేర్లనే వాడాలి, కింది అంతస్తును నేరుగా తాకకూడదు. వసతిగృహం సైటు ఇప్పుడు చేసేదల్లా చర్య రంగుకు ఆకుపచ్చ అని ఒక్క వరుస రాయడం. గోడ పగలలేదు, తలుపు తీశారు.

ఎన్ని తలుపులు పెట్టాలి? ఇక్కడ నాది గట్టి అభిప్రాయం: చాలా తక్కువ. మేం మొదట దాదాపు ప్రతిదానికీ పేరు పెట్టాం. బటన్ మూలల గుండ్రదనం, పెట్టె నీడ, చివరికి పట్టికలో గీత మందం కూడా. అన్నీ మార్చగలిగితే ఉమ్మడి అనేది పేరుకే మిగులుతుంది. ఇప్పుడు ఒక్కో సైటు మార్చుకోగలిగేవి చర్య రంగు, దాని మీది రాత రంగు, శీర్షిక ఫాంటు, ముఖచిత్రం. లోగో చుట్టూ ఖాళీ, రాత పరిమాణాలు, ఖాళీల కొలతలు, హెచ్చరికల రంగులు సంస్థవి.

మా రోజులను తినేసిన పొరపాటు

వేరియబుళ్లు తెలిసినవారు కూడా దీని దగ్గర తడబడతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పేజీ మూలంలో, అంటే 'రూట్' దగ్గర, ప్రధాన రంగు నీలం అని రాశాం. దాని కిందే, బటన్ రంగు అంటే ప్రధాన రంగే అని రాశాం. ఇప్పుడు పేజీ మధ్యలో వసతిగృహం గురించిన ఒక పెట్టె ఉంది. ఆ పెట్టె వరకు ప్రధాన రంగు ఆకుపచ్చ అని మార్చాం. పెట్టె లోపలి బటన్ ఏ రంగులో వస్తుంది?

ఆకుపచ్చ అనే అందరూ అంటారు. వచ్చేది నీలం. బటన్ రంగు అంటే ఏమిటో బ్రౌజర్ మూలం దగ్గరే లెక్క తేల్చేసింది. అక్కడ ప్రధాన రంగు నీలం, కాబట్టి బటన్ రంగూ నీలమైపోయింది. కిందికి వారసత్వంగా దిగి వచ్చేది తేలిన ఆ నీలమే, లెక్క కాదు. పెట్టె దగ్గర ప్రధాన రంగు మారినా, పైన ఎప్పుడో తేలిపోయిన లెక్క మళ్లీ తెరుచుకోదు. దీనికి విరుగుడు, ఒకదాని నుంచి పుట్టే పేర్లను మూలం దగ్గర మాత్రమే కాక, థీమ్ మారే ప్రతి చోటా ప్రకటించడం. మేం 'థీమ్' అనే ఒక క్లాసు పెట్టి, పుట్టుడు పేర్లన్నీ మూలానికీ ఆ క్లాసుకూ కలిపి రాశాం. రంగు మార్చదలచిన ఏ పెట్టెకైనా ఆ క్లాసు తగిలిస్తే అక్కడ లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఇలాంటిదే మరొకటి. 'వర్' లోపల, పేరు దొరక్కపోతే వాడమని ఒక బదులు విలువ ఇవ్వొచ్చు. అది పేరు అసలు లేనప్పుడే పనికొస్తుంది. పేరు ఉండి, రంగు ఉండాల్సిన చోట ఎవరో పొరపాటున కొలత రాస్తే బదులు విలువ రాదు. ఆ నేపథ్యం పారదర్శకమైపోతుంది, తెల్ల పేజీ మీద తెల్ల రాతలున్న బటన్ కనిపించకుండా పోతుంది. ఈ పేరులో రంగు తప్ప మరేదీ ఉండకూడదని బ్రౌజర్‌కు ముందే నమోదు చేసే వీలు 2024 జులై నాటికి ప్రధాన బ్రౌజర్లన్నింటికీ వచ్చింది. బయటివారికి ఇచ్చే తలుపులన్నింటికీ ఆ నమోదు చేయడం మంచిది.

తెలుగు అక్షరానికి చోటు

వత్తుల సంగతి మాకు పాఠశాల సైటు తెలుగు పేజీలో తెలిసింది. శీర్షిక రెండు వరుసలుగా వస్తే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను గుద్దుకుంటున్నాయి. బటన్ల మీద 'దరఖాస్తు' అన్న మాటలో తకారపు వత్తు అడుగు కోసినట్టు తెగిపోయింది. కారణం వరుస ఎత్తు. ఇంగ్లిషు కోసం రాసిన థీమ్‌లు శీర్షికలకు అక్షర పరిమాణానికి 1.2 రెట్ల ఎత్తు ఇస్తాయి. ఇంగ్లిషుకు అది చక్కగా సరిపోతుంది. పైన తలకట్టు, గుడి, కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద వత్తు ఉండే తెలుగుకు చాలదు. మేం శీర్షికలకు 1.5, పాఠానికి 1.7 ఖాయం చేసుకున్నాం.

అంతటితో అయిపోలేదు. మెనూలో అక్షరాల మధ్య దూరం పెంచే నియమం ఇంగ్లిషులో హుందాగా ఉంటుంది, తెలుగులో మాట విరిగి చెల్లాచెదురైనట్టు కనిపిస్తుంది. అన్నీ పెద్దక్షరాలు చేసే నియమం తెలుగును తాకనే తాకదు, కాబట్టి దాని మీద ఆధారపడి చూపిన ప్రాధాన్యం తెలుగు పేజీలో మాయమవుతుంది. చాలా తెలుగు ఫాంట్లకు వాలు అక్షరాలు ఉండవు. బ్రౌజర్ తనంతట తానే అక్షరాన్ని పక్కకు వంచుతుంది, అది చూడలేం. వరుస పొడవును 'సీహెచ్' అనే కొలతలో ఇస్తే అది సున్నా అంకె వెడల్పును బట్టి లెక్కకడుతుంది, తెలుగు అక్షరం వెడల్పుతో దానికి సంబంధం లేదు.

వీటన్నింటికీ మందు ఒకే చోట ఉంది. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో సరిగ్గా రాసి, ఆ భాష గుర్తును పట్టుకునే సెలెక్టర్ కింద వరుస ఎత్తు, అక్షర దూరం, ఫాంటు అనే పేర్లకు తెలుగుకు తగిన విలువలు ఇవ్వడమే. మిగతా థీమ్ అంతా ఆ పేర్లనే వాడుతుంది కాబట్టి ఇంకెక్కడా ముట్టుకోనక్కర్లేదు. తెలుగు పేజీకి ఇంగ్లిషు అని గుర్తు పెట్టిన సైట్లు నేను చాలానే చూశాను. అలా పెడితే చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాధనం కూడా తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోతుంది.

ఫాంట్లకు కొరత లేదు. ఉచితంగా దొరికే వాటిలో గిడుగు, గురజాడ పేర్లతోనే రెండు ఉన్నాయి. ఉత్తరాంధ్ర వాళ్లం కాబట్టి మా సంస్థలో ఆ పేర్లు విని చాలామంది మురిసిపోయారు. అయితే ఒకే పరిమాణం ఇచ్చినా రెండు తెలుగు ఫాంట్లు ఒకే ఎత్తులో కనిపించవు. ఫాంటు మార్చుకునే తలుపు ఇస్తే, దానితోపాటు పరిమాణం సర్దుకునే తలుపు కూడా ఇవ్వాలి.

రంగు కనబడాలి, మార్పు చేరాలి

రంగు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినప్పుడు ఒక హద్దు తప్పనిసరి. రాతకూ నేపథ్యానికీ మధ్య కాంతి తేడా మామూలు రాతకు కనీసం 4.5:1, పెద్ద రాతకు 3:1 ఉండాలని, వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతాయి. కంటితో చూసి దీన్ని తేల్చలేం. తెల్ల పేజీ మీద #777777 అనే బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. మధ్యాహ్నం రామకృష్ణా బీచ్ దగ్గర ఎండలో నిలబడి, పాత ఫోనులో ఫీజు గడువు తేదీ వెతికే తండ్రికి ఆ తేడా అక్కరకొస్తుంది. వసతిగృహం వారు మొదట ఎంచుకున్న లేత ఆకుపచ్చ మీద తెల్ల రాత ఈ పరీక్షలో నిలవలేదు. ముదురు చేయమని కోరితే ఒప్పుకున్నారు.

ఇక ఫైలు అందరికీ ఎలా చేరాలి? ఒకే చోట ఉంచి నాలుగు సైట్లూ అక్కడి నుంచే తెచ్చుకోవాలి, ఫైలు పేరులో కూర్పు సంఖ్య ఉండాలి. సంఖ్య లేకపోతే మనం ఒక అక్షరం మార్చిన క్షణాన నాలుగు సైట్లూ మారిపోతాయి, పరీక్ష ఫలితాల రోజున కూడా. సంఖ్య ఉంటే ప్రతి సైటూ తన తీరిక చూసుకుని కొత్త కూర్పుకు మారుతుంది. ఒక చోటి నుంచి తెచ్చుకుంటే బ్రౌజర్ ఒకసారే దింపుకుని అన్ని సైట్లకూ వాడుతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది పాత మాట. 2020 అక్టోబరులో వచ్చిన క్రోమ్ 86, 2021 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85 నుంచి ఏ సైటు నిల్వ ఆ సైటుకే విడిగా ఉంటుంది. వేర్వేరు డొమైన్లైతే, అంటే వేర్వేరు వెబ్ చిరునామాలైతే, ప్రతి చోటా కొత్తగా దింపుకోవలసిందే. మేం నాలుగింటినీ ఒకే డొమైన్ కింద ఉపడొమైన్లుగా మార్చాం. అప్పుడు అవి ఒకే సైటు కింద లెక్కకు వస్తాయి, నిల్వ పంచుకుంటాయి.

ఇదే సమస్య ప్రభుత్వానికి ఇంకెంత పెద్దదో విశాఖ, శ్రీకాకుళం జిల్లాల వెబ్‌సైట్లను పక్కపక్కన తెరిచి చూస్తే తెలుస్తుంది. జిల్లా వెబ్‌సైట్లకు జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం ఉమ్మడి వేదిక నడుపుతోంది. 2025లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ ప్రభుత్వ సైట్లన్నీ ఒకే ఇంటివిగా కనిపించేందుకు డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ తెచ్చింది. నాలుగు సైట్లకే మాకు ఇంత పని పట్టింది కాబట్టి ఆ పని చేస్తున్నవారి మీద నాకు గౌరవం పెరిగింది.

మా థీమ్‌తోపాటు ఒక నమూనా పేజీ ఉంటుంది. బటన్లు, పట్టికలు, హెచ్చరికలు, దరఖాస్తు పెట్టెలు అన్నీ అందులో ఒకదాని కింద ఒకటి, నాలుగు సైట్ల రంగుల్లోనూ, రెండు భాషల్లోనూ ఉంటాయి. కొత్త కూర్పు విడుదల చేసే ముందు దాన్ని ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ తెరిచి, నాలుగు సైట్ల వారూ చూస్తారు. అందులో ఒక బటన్ మీద 'కార్త్స్న్యం' అని రాసి ఉంటుంది. ఏ సైటులోనూ ఆ మాట వాడం. రేఫం కింద నాలుగు వత్తులు బరువుగా వేలాడే ఆ మాట అడుగు తెగకుండా కనిపిస్తే, మిగతా తెలుగంతా సుఖంగా పడుతుంది. కిందటి వారం వచ్చిన కూర్పులో అది తెగింది. ఈసారి కారణం వరుస ఎత్తు కాదు, బటన్ పెట్టె లోపలి ఖాళీని మేం తగ్గించడం. ఆ మార్పు వెనక్కి తీసుకుని, సంఖ్య ఒకటి పెంచి మళ్లీ పంపాం.